ఎడ్లకు చెప్పిన పిలుపు

ఎడ్లకు చేసే పోలా పండుగ ముందురోజు కొండన్న ఆకాశం కేసి చూసినన్నిసార్లు, ఏడాది మొత్తంలో పెళ్లాం ముఖం కేసి చూసి ఉండడు. ఆ మాట పెళ్లాం మల్లక్కే అన్నది, గడప మీద కూర్చొని పండుగ బచ్చాల పూర్ణానికి శనగపప్పు ఏరుతూ. అతను నవ్వలేదు. ప్రాణహిత అవతలి ఒడ్డు మీద మబ్బు నల్లగా కమ్ముకొస్తోంది. అది ఇప్పుడే కురుస్తుందో, రేపు కురుస్తుందో, అసలు కురవకుండానే పోతుందో ఎవరూ చెప్పలేరు. ఎవరూ చెప్పలేని సంగతుల మీదే కొండన్న వ్యాపారం అంతా నడుస్తోంది.

మహారాష్ట్ర కొసన, సిరోంచ బజారు చివర అతనిది దేశీ దారు గోదాము, దాని వెనకే ఇల్లు. సర్కారు లైసెన్సు ఉన్న సారా సరుకే. చంద్రపూర్ నుంచి లారీలో పెట్టెలు దిగుతాయి. వాటిని అడవి వైపు ఊళ్లలోని దుకాణాలకు పంచడం అతని పని. అందులో నారింజ వాసన వేసే సంత్ర సీసాలే ఎక్కువ. దిగిన ప్రతి పెట్టెనూ చెవి దగ్గర పెట్టుకొని మెల్లగా ఊపి, లోపల గాజు పలుకుల చప్పుడు ఉందేమో వింటాడు. గడ్డి జారిన చోట కొత్త గడ్డి కుక్కుతాడు. పెట్టెకొక సీసా తీసి ఎండకు ఎత్తిపట్టి, అడుగున నలక ఉందేమో చూస్తాడు. చూసిన సీసానే మళ్లీ చూస్తాడు. వ్యాపారం చిన్నదే గానీ, దిగులు మాత్రం పెద్ద షావుకార్లకు ఉండాల్సినంత.

ఆ శుక్రవారం పొద్దెక్కేసరికి జిమల్‌గట్ట దుకాణం సమ్మన్న దిగబడ్డాడు. కొంత దూరం బస్సు మీద, కొంత దూరం సైకిలు మీద వచ్చాడట. మోకాళ్ల దాకా బురద.

"దుకాణంల ఒక్క సీస లేదు సేటు. రేపు పోలా. ఊరంత నా మీద పడ్తది."

"సోమారానికి పాసు ఉన్నది. సోమారం బండి తోల్త."

"పండుగైనంక తోలి ఏం జేస్తవ్, విస్తర్లు ఎత్తుతవా? అహేరి సేటు ఇయ్యాలనే ఇస్తనంటుండు. ఒక్కసారి ఆయనకాడ ఎత్తుకున్ననంటె మళ్ల ఇటు రాను. చెప్పకుంట పోవుడు పద్ధతి గాదని వచ్చిన."

గోదాము నుంచి సరుకు కదలాలంటే దారూ ఖాతా, అంటే ఎక్సైజు, జమాదారు పాసు రాసివ్వాలి. పాసు మీద ఏ రోజు ఉంటే బండి ఆ రోజే కదలాలి. రోజు తప్పి కదిలిందని తేలితే లైసెన్సు పోతుంది. అది కొండన్నకు తెలుసు. కానీ అతని సరుకులో సగం ఒక్క జిమల్‌గట్టకే పోతుంది. ఆ సగం పోయాక గోదాము తలుపు తీసి కూర్చోవడం ఈగలు తోలుకోవడానికే. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో ఆ క్షణాన అతనికి బాగా తెలిసింది.

"వాగు దాక నా బండి వస్తది," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "అవతల గడ్డన నీ బండి పెట్టుకో. నాది వాగు దాటంగనే, పొద్దుండంగనే పెట్టెలు మార్చుకుందాం."

"వాన వడ్తె?"

"పడకముందే అంటున్న గద."

సమ్మన్న సైకిలు ఎక్కి వెళ్లిపోయాడు. కొండన్న చెప్పులు తొడుక్కున్నాడు. "ఏడికి?" అని మల్లక్క అడిగింది. "ఆదయ్య కాడికి," అన్నాడు. ఆమె పప్పు ఏరడం ఆపి అతని కేసి చూసింది.

ఆదయ్య కొండన్నకు చాలా ఏళ్లుగా బండి తోలుతున్నాడు. భూమి లేదు. బండీ, రెండెడ్లూ, వాటి వెనక ఆగకుండా నడిచే నోరూ, అంతే అతని ఆస్తి. బండి మీద కూర్చుంటే పాట ఎత్తుకుంటాడు. ఆ పాట వినలేకే ఎడ్లు అంత వడిగా నడుస్తాయని బజారులో అందరూ ఆట పట్టిస్తారు. కొండన్న వెళ్లేసరికి అతను వాకిట్లో బూడిద రంగు మైలెద్దు పక్కన నిలబడి, మోదుగాకుతో దాని మూపురం ముందు మెడ మీద వెన్నా పసుపూ కలిపి రుద్దుతున్నాడు. తెల్లెద్దుకు అప్పటికే అయిపోయింది. మెడ నిగనిగలాడుతోంది. భార్య నర్సక్క కలుపు పనికి వెళ్లి ఇంకా రాలేదు. గూట్లో ముంత నిండా శనగపప్పు నానబోసి ఉంది.

ఆ వైపు పోలాకు ముందురోజు ఎడ్లను కడిగి, ఏడాదంతా కాడి మోసిన మెడలకు కాపడం పెట్టి, వెన్నా పసుపూ రాస్తారు. రాసి, చెవి దగ్గర వంగి, 'ఇయ్యాల పిలుపు, రేపు బువ్వకు రండ్రి' అని చెబుతారు. ఆ మాట చెప్పాక, మర్నాడు బువ్వ పెట్టేదాకా వాటి మెడ మీద ఎవరూ కాడి పెట్టరు. పెడితే చుట్టాన్ని భోజనానికి పిలిచి మూట మోయించినట్టే.

"సేటు, జర్రంత ముందుగాల రాకపోతివి," అన్నాడు ఆదయ్య సంగతంతా విని. "ఇప్పుడే పిలుపు చెప్పిన రెండిటికి."

"చెప్తె చెప్పినవ్. ఎడ్లకు ఏం తెలుస్తది?"

"ఎడ్లకు తెల్వకపోతె ఏమాయె, చెప్పిన నోరు నాదే గద."

కొండన్న మొదట బుజ్జగించాడు. వాగు దాకానే అన్నాడు, పొద్దున్నే తిరిగి రావచ్చన్నాడు. ఆదయ్య ఆకుతో రుద్దుతూనే తల అడ్డంగా ఊపాడు. అప్పుడు కొండన్న గొంతు పెంచకుండానే ఒక మాట అన్నాడు. "సరే తియ్. ట్రాక్టరాయన అడుగవట్టి వారమైతుంది. ఇగ సరుకంత ఆయనకే అప్పజెప్త. ఆయనకు పండుగల పట్టింపు లేదు."

ఆదయ్య చేతిలో మోదుగాకు ఆగిపోయింది. "పండుగ ముంగట గంత మాటనవడ్తివి సేటు," అన్నాడు, అంతే. ఆకును దూరంగా పారేసి, పసుపు చేతులు పంచెకు తుడుచుకొని, లోపలి నుంచి ఒక పాత గోనె తెచ్చి రెండుగా చింపాడు. పసుపు చెదిరిపోకుండా ఆ గోనెపట్టలు మెడల మీద పరిచి, వాటి పైన కాడి ఆనించాడు. తర్వాత మైలెద్దు చెవి పట్టుకొని వంగాడు.

"మాట తప్పలే బిడ్డా. రేపటి బువ్వ రేపే. పొద్దెక్కెవరకు ఇంట్ల ఉంటం." తెల్లెద్దుకూ అదే చెప్పాడు.

"కానియ్యి, మబ్బు వస్తుంది," అన్నాడు కొండన్న.

హమాలీలు పండుగకు ఇళ్లకు పోయారు. గోదాము దగ్గర పెట్టెలు ఇద్దరే ఎత్తారు. ఆదయ్య బండిలో వరిగడ్డి పరిచి, పెట్టెల మధ్య సందుల్లో గడ్డి చుట్టలు దూర్చి, తాడు బిగించి ముడి మీద పాదం ఆనించి లాగాడు. ఎదుటి సైకిళ్ల దుకాణం గులాం నబీ జుమ్మా నమాజుకు పోయాడు. బజారులో చూసేవాళ్లు లేరు. కొండన్నకు ఊపిరి కొంచెం ఆడింది. మనసు గిల్లుతుంటే, ఒక సీసా తీసి ఆదయ్య చేతిలో పెట్టబోయాడు. "ఉంచుకో. పండుగ గద."

ఆదయ్య అప్పుడు నవ్వాడు. "నాకెందుకు సేటు? మిఠాయి చేసెటోడు మిఠాయి తింటడా? దినమంత గా వాసనతోనే నా కడుపు నిండుతది. ఎత్తి పెట్టు."

బండి కదిలింది. ఊరి చివర మలుపు దగ్గర పాట కూడా ఎత్తుకున్నాడు. అది వినిపించినంతసేపూ కొండన్న గోదాము తలుపు పట్టుకొని నిలబడ్డాడు.

వాన పొద్దు వాలుతుండగా మొదలైంది. మొదలైన తీరు చూస్తేనే ఆగేది కాదని తెలిసింది. కొండన్న చూరు కింద అటూ ఇటూ తిరిగాడు. ఈపాటికి వాగు దాటి ఉంటాడు అనుకున్నాడు. దాటకపోతే ఇవతలే ఆగి ఉంటాడు, వానాకాలం వాగులు ఎరగని మనిషా అనుకున్నాడు. అనుకున్న ప్రతిదానికీ ఇంకొకటి ఎదురు వస్తూనే ఉంది. సరిగ్గా అప్పుడే దారూ ఖాతా జమాదారు గొడుగు ముడుస్తూ గోదాము అరుగు ఎక్కాడు. వార్ధా వైపు మనిషి. సిరోంచ వచ్చాక తెలుగు పట్టుబడింది గానీ మధ్యలో హిందీ దొర్లుతూ ఉంటుంది.

"క్యా బారిష్ హై కొండన్నా! చాయ్ పోయించు జర."

మల్లక్క చాయ్ తెచ్చి ఇచ్చింది. జమాదారు సాసర్లో పోసుకొని జుర్రుతున్నాడు. కొండన్న ఎదురుగా పీట మీద కూర్చొని, లేని నవ్వు ముఖానికి తెచ్చిపెట్టుకున్నాడు. అంతలో వానలో, తల మీద గోనెసంచి కొప్పెర వేసుకొని నర్సక్క వచ్చింది. కొంగులో బెల్లం ముద్ద మూట కట్టి ఉంది.

"అన్నా, మా ఇంటాయన ఇటొచ్చిండా? బండి లేదు, ఎడ్లు లేవు. పసుపు గిన్నె వాకిట్ల వానకు తడుస్తుంది. పండుగ పూట ఏడికి పోయిండో."

జమాదారు సాసరు దించి ఇద్దరినీ చూశాడు. కొండన్న పీట ముందుకు జరుపుకున్నాడు. ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాటకు గోదాము తలుపులు మూసుకుంటాయి. పొద్దున్నే ఎలాగూ వచ్చేస్తాడు కదా, ఈ ఒక్క పూట గడిస్తే చాలు కదా అనుకున్నాడు.

"నాకేం తెల్సు చెల్లె. మన బండి సోమారం గద," అన్నాడు.

లోపల మల్లక్క చేతిలోంచి గరిటె జారి కింద పడిన చప్పుడు వినిపించింది. నర్సక్క కొప్పెర సర్దుకొని వానలోకి వెళ్లిపోయింది. ఆ రాత్రి మల్లక్క అన్నం పెట్టి, తను తినకుండా గోడ వైపు తిరిగి పడుకుంది. కొండన్న కూడా పేరుకే పడుకున్నాడు.

మర్నాడు పోలా. తుంపర్లలోనే ఊళ్లో ఎడ్లకు కొమ్ములకు రంగులు వేశారు, మెడలకు గవ్వల పట్టెడలు కట్టారు. బజారంతా గంటల మోత. ఆ మోతలోనే కబురు వచ్చింది. వాగు దగ్గర బండి కొట్టుకుపోయిందని పాల క్యాన్లతో వచ్చిన మనిషి చెప్పాడు. చెప్పింది గోదాము ముందే, ఎడ్లను చూడటానికి బజారుకు వచ్చిన జమాదారు వింటుండగానే. కొండన్న అరుగు మీద నుంచి లేవబోయి మళ్లీ కూర్చున్నాడు.

వాగు దాకా పోయే బస్సులో జమాదారు, కొండన్న, ఆదయ్య అన్న పోశం, ఇంకో పదిమంది ఎక్కారు. వాగు ఇంకా ఎర్రగా పారుతోంది గానీ రాత్రి ఎంత ఎత్తున వచ్చిందో ఒడ్డు మీది చెత్త చెబుతోంది. గడ్డి, పగిలిన పెట్టెల చెక్కలు, సీసాల పెంకులు తుప్పలకు చిక్కుకొని ఉన్నాయి. ఆ తడిలో, ఆ బురదలో కూడా నారింజ వాసన గుప్పుమంటోంది. ఇన్నేళ్లూ కొండన్నకు అన్నం పెట్టిన వాసన అది. ఆ రోజు అతను ముక్కుకు కండువా అడ్డం పెట్టుకున్నాడు.

ఆదయ్య కొంత దిగువన తుప్పలో దొరికాడు. పోశం వాగులోకి దిగి ఎత్తుకొచ్చాడు. తెల్లెద్దు కాడి కిందే చనిపోయి ఉంది. మైలెద్దు మాత్రం పలుపు తెంచుకొని ఎలా ఈదిందో, ఒడ్డు మీద వణుకుతూ నిలబడి ఉంది. మెడ మీది పసుపు వానకూ వాగుకూ కూడా పూర్తిగా పోలేదు. వెన్న రాసిన చోట పచ్చగా మెరుస్తోంది.

ముందుగా ఆ పసుపును చూసింది ఒక ముసలి రైతు. "అరె, పిలుపు చెప్పిన ఎడ్లు గివి!"

అందరూ దగ్గరికి వచ్చి చూశారు. ఒకరు మెడ తడిమి వేళ్లు వాసన చూసుకున్నారు.

"పిలుపు చెప్పి బండి కట్టిండా? తెలివిల ఉన్నోడు ఎవడన్న కడ్తడా?"

"తాగి కట్టిండు. ఇంకేంది! చేతుల సీసలే ఉండె, పండుగాయె."

"బట్టలన్ని దారు వాసనే కొడ్తున్నయ్ చూడు."

ఎంత సులువుగా అయిపోయిందో! ఆదయ్యను తాగుబోతును చేసింది కొండన్న కాదు. ఒక్క మాట కూడా అతను కల్పించలేదు. పిలుపు చెప్పిన ఎడ్లకు కాడి కట్టేవాడు తాగి అయినా ఉండాలి, పిచ్చివాడైనా అయి ఉండాలి. అది ఆ నేల మీద పుట్టిన ప్రతి మనిషికీ తెలిసిన సంగతి. కట్టించినవాడు ఇంకొకడు ఉంటాడని ఎవరికీ తట్టలేదు.

జమాదారు అతని పక్కకు వచ్చాడు. "పాస్ తో సోమవారం కా హై. శుక్రవారం ఈయన సరుకు ఎట్ల తీసిండు?"

కొండన్న నోరు తెరిచాడు. నీళ్లవతల ఒడ్డు మీద సమ్మన్న సైకిలు పట్టుకొని నిలబడి ఉన్నాడు. ఇద్దరి చూపులూ ఒక్కసారి కలిశాయి. సమ్మన్న ముఖం తిప్పేసుకొని సైకిలు తోసుకుంటూ అడవి దారిన వెళ్లిపోయాడు. అతనూ పాసు లేని సరుకు పిలిపించుకున్నవాడే మరి.

"ఒక తాళంచెవి ఆదయ్యకాడ ఉంటది సాబ్," అన్నాడు కొండన్న. అది నిజమే. ఆ నిజాన్ని అక్కడే ఆపాడు.

"పీకే నికాల్ దియా, తాగి తీసుకపోయిండు," అని జమాదారు నిట్టూర్చాడు. "సోమవారం ఆఫీస్‌కు రా. గదే రాస్త, సంతకం పెట్టు. నీ లైసెన్సుకు ఢోకా లేదు."

కొండన్న తల ఊపాడు. తేలు కుట్టిన దొంగ అరవడు కదా.

పోలీసులు వచ్చి రాసుకున్నారు. సాయంత్రానికి ఆదయ్యను ప్రాణహిత ఒడ్డున కాల్చారు. దహనానికి వచ్చిన వాళ్లు కూడా ఎక్కువసేపు నిలవలేదు. పండుగ నాడు తాగి, పిలుపు చెప్పిన ఎద్దును చంపుకున్నాడన్న మాట అప్పటికే నలుగురి నోటా పడి నాలుగు వందలైంది. కొండన్న మాత్రం చివరి దాకా ఉన్నాడు. ఉంటే మంచివాడని అనుకున్నారు.

ఆదివారం పొద్దున అతను నర్సక్క ఇంటికి బియ్యం పంపుదామనుకొని, పంపలేక, తనే మోసుకెళ్లాడు. మైలెద్దు వాకిట్లో కట్టి ఉంది. ముందు గడ్డి వేసి ఉంది గానీ ముట్టలేదు. నర్సక్క గోడకు ఆనుకొని కూర్చుంది. గూట్లో ముంత అలాగే ఉంది. నానిన పప్పు పులిసి నురగ పొంగి ముంత అంచు మీదికి వచ్చింది. పారబోసేవాళ్లు లేరు.

"అన్నా," అన్నది ఆమె అతను కూర్చోకముందే. "ఒక్కటి అడుగుత, నిజం చెప్పు. నీతోనే దినమంత ఉండెటోడు. తాగెనా?"

కొండన్న బియ్యం మూట దించి తాడు విప్పసాగాడు. అది విప్పాల్సిన ముడి కాదు.

"గిన్నేండ్లు పక్కన పన్న. ఒక్కనాడు వాసన రాలే. సీసలు మోసిన బట్టలకు వస్తుండె గని నోటికి రాలే. పెండ్లైన కొత్తల నా మీద ఒట్టు వెట్టిండు తాగనని. ఊరంత గిట్ల అంటుంటె, నాకు తెల్వకుంట తాగెనేమో అనిపిస్తుంది. సచ్చినోని మీద ఏడుపస్తలేదన్నా, కోపమొస్తుంది. నన్ను గిన్నేండ్లు మోసం జేసెనా?"

'లేదు' అనే మాట రెండక్షరాలే. అది నోటిదాకా వచ్చింది. లేదంటే, మరి ఎందుకు కట్టాడని అడుగుతుంది. కొండన్న ముడి విప్పుతూనే ఉన్నాడు.

"మనిషి పోయినంక గవన్ని ఎందుకు చెల్లె," అన్నాడు.

నర్సక్క అతని ముఖంలోకి చూసి, తలూపి, తల దించుకుంది. ఆమె దాన్ని అవుననే అర్థం చేసుకుంది. కొండన్నకు అది తెలిసింది. వాకిట్లోకి వచ్చాక మైలెద్దు అతన్ని చూసి ఒకసారి తల ఎగరేసింది. దాని పక్కనుంచి పోలేక గోడ వారగా నడిచి బయటపడ్డాడు.

గులాం నబీ ఆ సాయంత్రం సైకిలు ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి, గాలి బుడగల కోసం చూస్తూ, తల ఎత్తకుండానే పలకరించాడు. "కొండన్నా, శుక్రారం నమాజు నుంచి వచ్చేవరకు నీ గోదాము ముంగట బండి గీరల జాడలు తాజాగ ఉండె. గడ్డి కూడ రాలి ఉండె. వానకు పోయినయ్."

కొండన్న నడక ఆపాడు. "అయితే?"

"అయితే ఏం లేదు. నేను నమాజుల ఉన్న. చూడలే. చూడనిది నేనెట్ల చెప్త?" బుడగ వచ్చిన చోట బొటనవేలు ఆనించి పట్టుకొని, అప్పుడు తలెత్తాడు. "చూసినోళ్లు చెప్పాలె."

ఇంట్లోకి వస్తే మల్లక్క అడ్డంగా నిలబడింది. మూడు రోజులుగా దాచుకున్నదంతా ఒకే మాటగా బయటపడింది. "గా సంతకం వెట్టి వచ్చిన చేతికి నేను అన్నం వెట్ట. లైసెన్సు పోతె కూలికి పోదాం."

"నీకేం తెల్వదు, ఊకో!" అని అరిచాడు కొండన్న. అరిచాక తన గొంతు తనకే అసహ్యం వేసింది. అంతలో వాకిట్లో పోశం దగ్గాడు. లోపలి మాటలు వినలేదు. వంగి దండం పెట్టాడు.

"రేపు పిట్టకు వెట్టుడు సేటు. మూడొద్దుల కర్మ. సచ్చినోనికి ఇష్టమైనవన్ని పెట్టాలె గద. మా తమ్మునికి గదే ఇష్టమాయె, మాకే తెల్వకపాయె. నీ సరుకే, ఒక్క సీస తీస్కరా."

సోమవారం పొద్దున కొండన్న గోదాము తెరిచి ఒక పెట్టె మూత లేపాడు. అలవాటు కొద్దీ సీసాను వెలుతురుకు ఎత్తి పట్టాడు. నలక లేదు. మూత బిగువు చూశాడు. గడ్డి పోచ అంటుకుంటే తుడిచాడు. ఇంత శ్రద్ధగా ఎందుకు చూస్తున్నాడో అతనికే తెలియలేదు. మల్లక్క అతని చేతిలో సీసా చూసి ముందు నడిచింది.

ప్రాణహిత ఒడ్డున, కాల్చిన చోటికి కొంచెం ఎడంగా ఇసుక మీద మోదుగు విస్తరి పరిచారు. అన్నం, చేప, గుడ్డు, బెల్లం, పొగాకు కాడ పెట్టి, పక్కన ఖాళీ కడవ దించారు. ఇంటి దగ్గర చూసేవాళ్లు లేరని పోశం మైలెద్దును కూడా తోలుకొచ్చి తుమ్మ చెట్టుకు కట్టాడు. అది నదిని చూస్తూ నిలబడింది. జమాదారు గొడుగు వేసుకొని గట్టు మీద ఆగాడు. ఇది అయ్యాక కొండన్నను వెంట తీసుకొని ఆఫీసుకు పోవాలని వచ్చాడు.

పోశం సీసా అందుకొని మూత తిప్పి విస్తరి పక్కన ఆనించాడు. నారింజ వాసన గాలిలోకి లేచింది. అందరూ దూరం జరిగి నిలబడ్డారు.

కాకులు లేక కాదు. తుమ్మ మీద ఉన్నాయి, పడవల మీద ఉన్నాయి. ఒకటి ఇసుక మీదికి దిగి, రెండు గెంతులు వేసి, తల వంచి చూసి, ఎగిరిపోయింది. ఇంకొకటి దిగనే లేదు. నిలబడ్డ వాళ్ల కాళ్లు నొప్పి పుట్టాయి. పిట్ట ముట్టకపోతే పోయినవాడి మనసులో ఏదో మిగిలిపోయినట్టు. ఆ మిగిలిందేమిటో తెలుసుకొని, తీరుస్తామని మాట ఇస్తే గానీ ముట్టదు.

"తమ్మీ, నర్సక్కను నేను చూసుకుంట, రంది వెట్టుకోకు," అన్నాడు పోశం చేతులు జోడించి. పిట్ట రాలేదు. "అప్పుసప్పు ఏమన్న ఉంటె నేను తీరుస్త." రాలేదు.

"సీస చిన్నదాయెనేమో," అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఒకరిద్దరు నవ్వు ఆపుకోలేకపోయారు.

నర్సక్క ఆ నవ్వు విన్నది. తల ఎత్తలేదు. కొంగు ముఖం మీదికి ఇంకా కిందికి లాక్కుంది. భర్త కోసం సిగ్గుపడుతున్న ఆ చెయ్యి కొండన్న కంటపడింది. మూడు రోజులుగా లోలోపల వేసుకుంటున్న లెక్క ఆ క్షణాన ఆగిపోయింది. భయం పోయి కాదు. భయం అలాగే ఉంది. కాకపోతే అంతకంటే భరించలేనిది ఇంకొకటి ఎదురుగా నిలబడింది.

అతను నడుచుకుంటూ విస్తరి దగ్గరికి వెళ్లి, వంగి, సీసాను తీసేశాడు.

"సేటు! పెట్టింది తీయరాదు!" అన్నాడు పోశం.

"ఆదయ్య తాగలే." కొండన్న అందరి వైపూ తిరిగాడు. మళ్లీ చెప్పాడు. "తాగలే. పిలుపు చెప్పిన, కట్టరాదు అన్నడు. నేనే కట్టించిన. కట్టకపోతె సరుకు ట్రాక్టరాయనకు ఇస్తనని బెదిరించిన. సీస ఇయ్యవోతె గూడ వద్దన్నడు."

పోశం రెండడుగులు ముందుకు వచ్చాడు. పిడికిళ్లు బిగుసుకున్నాయి. "మూడొద్దుల సంది నీ నోరేమైంది? మేం వానికి తాగుబోతు పేరు వెట్టి కాల్చినం గదరా!"

కొడితే పడదామనే కొండన్న నిలబడ్డాడు. పోశం కొట్టలేదు, ఇసుకలో కూలబడి తల పట్టుకున్నాడు.

గట్టు మీద నుంచి జమాదారు నాలుగడుగులు దిగాడు. చెడ్డవాడు కాదు. చాయ్ తాగిన ఇల్లు మరి. మెల్లగా అడిగాడు: "కొండన్నా, సోచ్ లే, ఆలోచించుకో. గిది నేను విన్నట్టా, విననట్టా?"

కొండన్నకు గోదాము తలుపు కనిపించింది. పెట్టెలు, గడ్డి, గోడకు వేలాడే లైసెన్సు పటం కనిపించాయి. జనంలో మల్లక్క కోసం వెతికాడు. ఆమె నర్సక్క పక్కన కూర్చొని ఉంది, ఇటే చూస్తోంది.

"వినుండ్రి సాబ్," అన్నాడు.

జమాదారు ఒక నిమిషం ఆగి, "తాళంచెవులు తీస్కొని ఆఫీస్‌కు రా," అని చెప్పి గట్టెక్కి వెళ్లిపోయాడు.

నర్సక్క కొంగు ముఖం మీద నుంచి తొలగింది. ఏడుస్తుందనుకున్నారు. తిడుతుందనుకున్నారు. ఆమె ఒకటే అడిగింది. "పిలుపు చెప్పినంకనే కట్టిండా?"

"చెప్పినంకనే. రెండిటి చెవులల్ల మళ్ల చెప్పిండు. మాట తప్పలే బిడ్డా, రేపటి బువ్వ రేపే, అని."

"రేపటి బువ్వ," అన్నది నర్సక్క తనలో తను. తుమ్మకు కట్టిన మైలెద్దు కేసి చూసింది. పోలా వచ్చింది, పోయింది. ఊళ్లో ఎడ్లన్నీ బచ్చాలు తిన్నాయి. ఈ ఒక్కదానికే, పిలిచి కూడా ఎవరూ బువ్వ పెట్టలేదు. "అయ్యో, ఎవలం పెట్టకపోతిమి గద!"

ఆమె లేచింది. విస్తరి దగ్గర కూర్చొని, చేపనూ గుడ్డునూ పక్కకు నెట్టి, అన్నమూ బెల్లమూ ఇంకో ఆకులోకి రెండు చేతులా ఎత్తుకుంది. పోశం వద్దని అనలేదు. తీసుకెళ్లి మైలెద్దు ముందు పెట్టి, దాని మెడ మీద పసుపు మిగిలిన చోట అరచెయ్యి ఆనించింది.

"తిను బిడ్డా. మీ అయ్య పిలిచిండు. తిను."

రెండు రోజులుగా గడ్డి ముట్టని ఎద్దు ముందు వాసన చూసింది. బెల్లం నాకింది. తర్వాత ఆబగా తినసాగింది. అది మూతితో నెట్టినప్పుడు మెతుకులు ఇసుక మీద చెదిరాయి. తుమ్మ మీది నుంచి ఒక కాకి దిగి, ఎద్దు ముట్టె పక్కనే గెంతుతూ ఆ మెతుకులు ఏరుకోవడం మొదలుపెట్టింది. పోశం దాన్ని చూసి చేతులు జోడించాడు. వెనక నిలబడ్డ వాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు జోడించారు.

కొండన్న మూత లేని సీసాతో అలాగే నిలబడి ఉన్నాడు. ఎక్కడ పెట్టాలో, ఎటు పోవాలో అతనికి తెలియడం లేదు. నర్సక్క వెనక్కి తిరిగి అతన్ని చూసింది. అన్నా అని పిలవలేదు.

"గా కడవ తీస్కపోయి నీళ్లు దే," అన్నది. "తిన్నంక తాగాలె గది."

కొండన్న సీసాను ఇసుకలో పెట్టి, కడవ అందుకొని ఏటి ఒడ్డు దిగాడు.